జీడిపిక్కల మీద గోనె తీసిన రోజు

“నలభయ్యేళ్లుగా వొండి పెడతన్నాను. తిన్నావేటే అని ఒక్కపాలైనా అడిగినావా మావా? ఈ కోతిని మాత్రం పూటకి నాలుగుపాల్లు అడుగుతన్నావు!” అన్నాను.

“దానికి నోరు నేదు. నీకు ఊరందరికీ సరిపడా నోరుంది గదే!” అన్నారు మా ఆయన.

ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది. మందస దగ్గర మా జీడితోటలో తల్లి చచ్చిన కోతిపిల్ల దొరికితే ఆయన ఇంటికి తెచ్చి పెంచారు. అది నా ఉప్పు డబ్బా ఒలకబోసినా, ఉతికిన చీర చింపినా ఆయనకు నవ్వే. కొబ్బరి ముక్క మొదట దానికే. చూస్తుంటే నాకు కడుపు మండిపోయేది.

పచ్చి జీడిపిక్క తొక్కలో సొన ఉంటుంది. తగిలితే చర్మం కాలిపోతుంది. అందుకే వాకిట్లో ఆరబోసిన పిక్కలను కోతి ముట్టకుండా గోనెలు కప్పేదాన్ని. ఆ రోజు తగువయ్యాక కావాలనే గోనె తీసేశాను.

కాసేపటికే కీచుమని అరుపు వినిపించింది. పరుగెత్తి వెళ్లేసరికి కోతి పెదాలు వాచిపోయి, మూతి రుద్దుకుంటూ నేల మీద పొర్లుతోంది. ఆయన దానికి కొబ్బరినూనె రాస్తున్నారు. నాకు భయమేసి, చేసింది ఒప్పేసుకున్నాను. ఆయన తిట్టలేదు. ఆ పూట అన్నం మాత్రం ముట్టలేదు. మనవలున్నదాన్ని, ఒక కోతిపిల్లతో పంతానికి పోయినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆయన కోతిని తెచ్చి నా ఒడిలో పెట్టారు. “మూతి కాల్సినదానివి నువ్వే. మానేదాకా నువ్వే సూడు” అని తోటకు వెళ్లిపోయారు. మజ్జిగన్నం మెత్తగా పిసికి పెట్టాను. అది నా వేలు పట్టుకుని తింది.