ఏడో రౌండు గారి ఘనమైన ఓటమి

గెలుపు మీద బతికినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఒకే ఒక్క ఓటమి మీద ముప్ఫయ్యేళ్ళు దర్జాగా బతికినవాడు మాత్రం ఆ వీధి బేకరీ ఆయన.

ఆయన్ని ఓడించింది అల్లాటప్పా మనిషి కాదు. ఆ రోజుల్లో ఛాంపియన్ అంటే ఒకడే, హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. అతనితో తలపడ్డవాళ్ళలో ఎక్కువమంది మూడో రౌండు ఎలా ఉంటుందో చూడకుండానే ఇంటికి చేరారు. బేకరీ ఆయన ఏడో రౌండుదాకా వెళ్ళాడు. దారిలో ఐదుసార్లు పడ్డాడు, ఐదుసార్లు లేచాడు. ఆరోసారి పడ్డాక లేపే బాధ్యత స్ట్రెచర్ మోసేవాళ్ళు తీసుకున్నారు.

అప్పట్నుంచీ ఆయన అసలు పేరు బేకరీ లైసెన్సులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. "ఏడో రౌండు గారూ, బన్నులు వేడిగా ఉన్నాయా?" అని ఎవరైనా అడిగితే చాలు, ఆయన భుజాలు గల్లాపెట్టె వెనక పట్టేవి కావు. పొయ్యి ముందు నిలబడి పిండి పిసికేటప్పుడు కూడా ఎడమచెయ్యి గడ్డానికి అడ్డం పెట్టుకుని కుడిచేత్తో గుద్దేవాడు.

"పిండిని పిసకండి, కొట్టకండి. అది మీకేం అపకారం చేసింది?" అనేది భార్య, ట్రేలకు నూనె రాస్తూ.

"రొట్టె పొంగాలంటే దెబ్బ తగలాలే."

"మీకూ తగిలాయిగా. ఎంత పొంగారో చూస్తూనే ఉన్నాను."

ఇలా సుఖంగా సాగుతున్న సంసారంలోకి ఛాంపియన్ మరణం ఒక చిక్కు తెచ్చిపెట్టింది. సైకిల్ షాపు మీద ఒకే గదిలో ఉండే బాక్సింగ్ క్లబ్బువాళ్ళు గోడకు సున్నం వేయించి, ఛాంపియన్ పెద్ద ఫోటో పెట్టారు. పక్కన ఆయన ప్రత్యర్థుల్లోకెల్లా గట్టివాడి ఫోటో పెట్టాలని తీర్మానించారు. ఒక్కడిదే. గట్టివాళ్ళు కరువై కాదు, మిగతా గోడంతా కిటికీ, కరెంటు మీటరు ఆక్రమించుకున్నందువల్ల.

"నాకెందుకండీ ఇవన్నీ?" అన్నాడు బేకరీ ఆయన, కబురు తెచ్చినవాళ్ళతో. ఆ రోజు రెండు ట్రేల రొట్టెలు బొగ్గులయ్యాయి. వాటిని భార్య చెత్తబుట్టలో వేసింది. ఆ ఫోటో ఆయనకెంత కావాలో ఆవిడకు అర్థమైపోయింది.

కావాలన్నంత మాత్రాన దొరికేది కాదది. ఎదుటి పక్షాన ఉన్నది ఎడంచేతి హమాలీ. గూడ్సు యార్డులో బస్తాలు మోసిన ఒళ్ళు. ఛాంపియన్‌తో పది రౌండ్లూ నిలబడి, ఒక్కసారి కూడా మోకాలు నేలకు ఆనించకుండా, పాయింట్ల మీద ఓడినవాడు. అతని తరఫున వాదించడానికి మందుల షాపాయన నడుం కట్టాడు. ఈయన జీవితంలో ఎవర్నీ కొట్టలేదు, ఎవరిచేతా తినలేదు. అందువల్ల బాక్సింగ్ గురించి స్పష్టమైన అభిప్రాయాలు ఉండేవి. సభకు అధ్యక్షుడు మంగలి. ఊళ్ళో ప్రతి తలా ఆయన ముందు వంగినదే కనుక ఆ పదవికి పోటీ రాలేదు.

ఆదివారం సాయంత్రం రింగు తాళ్ళు విప్పి, అరువు కుర్చీలు వేశారు. హమాలీ చేతికర్రతో మెట్లెక్కి వచ్చాడు. బేకరీ ఆయన ఎదురెళ్ళాడు.

"బాగున్నావా తమ్ముడూ?"

"బాగున్నానన్నా. ముక్కెలా ఉంది?"

"వాన పడేముందు చెబుతుంది. నీ దవడ?"

"నమిలితే టక్కుమంటుంది."

ఒకే మేస్త్రి కట్టిన రెండిళ్ళ యజమానుల్లా ఇద్దరూ కాసేపు పగుళ్ళ గురించి మాట్లాడుకున్నారు. తర్వాత చెరోవైపు కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడటం మానేశారు.

మందుల షాపాయన లేచాడు. "మెంబర్లారా! గట్టివాడంటే ఎవడు? పడనివాడు. ఆరుసార్లు పడ్డ మనిషిని గట్టివాడంటే, మొన్న వానకు కూలిన మా పెరటిగోడ కూడా గట్టిదే!"

సభ పగలబడి నవ్వింది. బేకరీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ గోడ తనంతట తనే లేచి నిలబడిందా బాబూ?" అంది ఒక గొంతు గుమ్మం దగ్గర్నుంచి. "నిలబడితే చెప్పండి, దానికీ ఒక దండ తెస్తాను."

బేకరీ ఆయన భార్య. చేతిలో అప్పటికే సగం పంచిన బిస్కెట్ల డబ్బా ఉంది.

"అమ్మా, మీరు మెంబరు కారు," అన్నాడు మంగలి.

"కాను. మీరంతా నములుతున్న బిస్కెట్లూ మెంబర్లు కావు. వాటినీ బయటికి పంపుతారా?"

అధ్యక్షుడు నోట్లో ఉన్నది మింగి, ఆవిడ మాటను సభ ముందుకు వచ్చినట్టుగానే పరిగణిస్తున్నామన్నాడు. ఆ తర్వాత బేకరీ ఆయన్ని మాట్లాడమన్నారు. ఆయన లేచి చొక్కా సర్దుకున్నాడు. వారం రోజులుగా పొయ్యికి వినిపించిన ఉపన్యాసం సమయానికి ముఖం చాటేసింది.

"నేనేం చెప్పను? పడ్డాను. పడ్డ ప్రతిసారీ, పని ఇంకా అవలేదనిపించింది. లేచాను." అంతే, కూర్చున్నాడు.

చప్పట్లు కొన్ని పడ్డాయిగానీ వాటిలో మర్యాద పాలు ఎక్కువ. సభ హమాలీ వైపు ఒరుగుతోందని అందరికీ తెలుస్తోంది. అక్కడితో మందుల షాపాయన ఊరుకుని ఉంటే గెలిచేవాడే. కానీ చదువుకున్నవాడు కదా, గెలిచే కేసును ఇంకా గెలిపించబోయాడు.

"పెద్దాయనా," అన్నాడు హమాలీ వైపు తిరిగి, "ఆ రోజు రింగులో ఛాంపియన్ మీతో ఏమైనా అన్నారా?"

హమాలీ చేతికర్ర పిడి నిమిరాడు. "అన్నాడు."

"ఆహా! ఏమన్నారు?"

"చెప్పాలా?"

"చెప్పి తీరాలి! సభకు తెలియాలి!"

"ఎనిమిదో రౌండులో ఇద్దరికీ ఊపిరందక వాటేసుకున్నాం. అప్పుడు చెవిలో అన్నాడు: 'నువ్వు నయమయ్యా, ఎక్కడున్నావో అక్కడే ఉంటావు. ఆ రొట్టెలవాణ్ణి పడగొట్టి, చేతులెత్తి, జనానికి దండం పెట్టి వెనక్కి తిరిగితే మళ్ళీ ఎదురుగా ఉన్నాడు. రింగులో నాకు భయమేసింది ఆ ఒక్క రోజే.'"

మందుల షాపాయన కుర్చీ పట్టుకుని ముందుకు వంగాడు.

"ఇన్నేళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదేం?"

"నా అంతట నేను చెప్పుకునే మాటా అది? అడిగావు. అడిగాక అబద్ధమాడటానికి నేను మందులమ్మేవాణ్ణి కాదుగా."

బేకరీ ఆయన తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. ఇప్పుడు ఆయన లేచి, "తమ్ముడి ఫోటోయే పెట్టండి" అంటాడని సభ్యులు ఆశగా చూశారు. కొందరు జేబురుమాళ్ళు కూడా సిద్ధం చేసుకున్నారు. ఆయన అలాంటిదేమీ చెయ్యలేదు. అధ్యక్షుడు చేతులెత్తమనగానే అందరికన్నా ముందు తన చెయ్యి తనకే ఎత్తుకున్నాడు. హమాలీ కూడా తన ఎడంచెయ్యి తనకే ఎత్తుకున్నాడు. చెప్పింది నిజమే అయినా, పది రౌండ్లు నిలబడ్డదీ నిజమే కదా. మిగతా చేతుల్లో చాలావరకు రొట్టెల వైపే లేచాయి.

"ఫోటో ఒకటి పంపండి ఏడో రౌండు గారూ," అన్నాడు మంగలి.

ఇంటికొచ్చాక భార్య పెట్టె తెరిచి స్టూడియో ఫోటో తీసింది. అందులో ఆయన కోటు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, పూలకుండీ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇది ఇవ్వండి. పెళ్ళికొడుకులా ఉన్నారు."

"ఆ పూలకుండీతో నేనెప్పుడూ కొట్లాడలేదే," అని ఆయన పెట్టె అడుగు నుంచి ఇంకొకటి పైకి లాగాడు. పేపరువాళ్ళు తీసిన ఫోటో. పైన ఛాంపియన్ నడుమూ, గ్లోవ్సూ కనబడతాయి. కింద ఈయన, ఒక మోకాలూ ఒక అరచెయ్యీ నేలమీద, తల వేలాడేసి.

"ఇదా! జనం నవ్వుతారండీ."

"నవ్వనీ. ఛాంపియన్ నా మీద నవ్వలేదు. విన్నావుగా."

ఆవిడ విన్నది. పూలకుండీని పెట్టెలో పెట్టేసి, రెండో ఫోటో మీది దుమ్మును చీరకొంగుతో తుడిచింది.

ఫోటో మేకుకు తగిలించిన రోజున బేకరీ మధ్యాహ్నమే మూసేశారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, గోడకు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన భార్య, ఆ పక్కన బస్సు దిగి వచ్చిన హమాలీ. వెనకనుంచి మందుల షాపాయన మెడ సాచి, చాలాసేపు పరిశీలించి, ఆఖరి ప్రయత్నంగా అడిగాడు.

"అన్నీ బాగానే ఉన్నాయిగానీ, ఇందులో తమరు పడిపోయి ఉన్నారు కదండీ?"

ఏడో రౌండు గారు వెనక్కి తిరగలేదు.

"కళ్ళద్దాలు పెట్టుకుని చూడండి," అన్నాడు. "లేస్తున్నాను."