అప్పలకొండ చూసిన రివర్స్ గేరు

మా ఎదుటి షెడ్డు అప్పలకొండ ఎడమచేతికి మూడే వేళ్లు. మిగతా రెండూ కుమ్హారి వెళ్లే దారిలో, ఎప్పుడో మూతపడిన ఒక చిన్న రోలింగ్ మిల్లులో పోయాయి. గేరుపెట్టెలో చెయ్యి పెట్టి నూనె చూస్తుండగా తోటి ఫిట్టర్ స్విచ్ నొక్కాడు. రక్తం ఆగకముందే అప్పలకొండ కుడిచేత్తో పానా అందుకుని వాడి దవడ పగలగొట్టాడు. ఇద్దరినీ ఒకే జీపులో ఆస్పత్రికి తీసుకెళ్లారు.

ఆ తర్వాత మిల్లులో అతను ఒకటే నియమం పెట్టాడు. ముందు యంత్రం ఆపాలి, పది నిమిషాలు ఆగాలి, అప్పుడే నూనె మట్టం చూసే పుల్ల పైకి తీయాలి. తప్పినవాడికి దెబ్బలు. నెహ్రూ నగర్ రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని కార్లు బాగుచేస్తున్నప్పుడూ ఆ నియమం మారలేదు, ఆ కొట్టే చెయ్యీ మారలేదు. పనిలో మాత్రం గట్టివాడు. ఊళ్లో ఎవరికీ అంతుపట్టని బండి చివరికి అతని దగ్గరికే వచ్చేది.

మా వీధి కృపమ్మ కొడుకు ఆల్విన్ అలాగే వచ్చాడు. ఈ ఊరి సెక్టర్ 2లోనే పుట్టి హిందీ కలిపి మాట్లాడేవాడు, బండి అద్దెకు తిప్పుకుంటూ పెళ్లాం పిల్లలను పోషించుకునేవాడు. క్లచ్ లేని పాత ఆటోమేటిక్ కారు కొన్నాడు.

"చాచా, పొద్దున్నపూట రివర్స్ పడట్లేదు. ఇంజన్ గుర్రుమంటది, బండి హిల్దు, ఉన్నచోటే ఉంటది. కభీ కభీ అంతే."

"కభీ కభీ ఏటిరా? రోగమంటూ ఉంటే రోజూ ఉంటాది."

ఇంజన్ ఆపించి, పది నిమిషాలు బీడీ కాల్చి, గేరుపెట్టె నూనె పుల్ల తీశాడు. గుర్తు దాకా తడి ఉంది. బండి ఎక్కి పదిసార్లు రివర్స్ వేశాడు. పదిసార్లూ పడింది.

"నూనె నిండా ఉన్నాది. రోగం గేరుకి కాదురా, నీ కాలికి."

"బండి చాలూ ఉండగానే, ఇంజన్ తిరుగుతుండగానే చూడాలంట చాచా. బండితో ఇచ్చిన కితాబ్‌లో రాసుంది."

మాట పూర్తికాకముందే చెంప పేలింది. ఆల్విన్ పెదవి చిట్లింది.

"తిరిగే మిషన్లో సెయ్యెట్టమంతావా? పోయినియి సాలవా?" మూడువేళ్ల చేతిని అతని కళ్లలో గుచ్చినట్టు చాపాడు. ఆల్విన్ రక్తం తుడుచుకుని బండి తీసుకుపోయాడు.

పది రోజులకు, చలి పొద్దున, ఆల్విన్ గోధుమల బస్తాతో పక్కవీధిలోని చిట్టిబాబు పిండిమరకు వెళ్లాడు. మర ముందు గోడ దాకా పల్లపు దారి. కారు ముక్కు పల్లంలో ఆపి బస్తా దింపాడు. దాన్ని అందుకోవడానికి చిట్టిబాబు కారుకూ గోడకూ మధ్యకు వచ్చాడు. వెనక్కి తీయబోయి రివర్స్‌లో వేసి, బ్రేకు మీంచి కాలు తీశాడు. గేరు పట్టలేదు. బండి ముందుకు జారి చిట్టిబాబును మోకాళ్ల దగ్గర గోడకు నొక్కేసింది. ఎముక విరిగిన చప్పుడు వీధి చివరి దాకా వినిపించిందట. ఆల్విన్ రివర్స్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ అరిచింది, బండి కదల్లేదు. చూసేవాళ్లకు మాత్రం ఇంకా నలుపుతున్నట్టే కనిపించింది.

పైగా అంతకు వారం ముందే బండి నిలిపే చోటు గురించి ఇద్దరూ తగువు పడ్డారు. "నిన్ను గోడకి అతికించేస్తా" అని ఆల్విన్ నలుగురిలో అన్నాడు.

చిట్టిబాబు తమ్ముడు రాజేంద్ర అద్దం పగలగొట్టి, ఆల్విన్‌ను జుట్టు పట్టి ఆ కిటికీలోంచే లాగాడు. చుట్టూ చేరినవాళ్లు ఇటుకలతో కొట్టారు, చెప్పులతో కొట్టారు. పోలీసులు వచ్చేసరికి అతనికి ఒక కన్ను మూసుకుపోయింది, ముందుపళ్లు రాలిపోయాయి. చిట్టిబాబు కాలు మధ్యాహ్నానికి తీసేశారు. ఆల్విన్ మీద హత్యాయత్నం కేసు రాయడానికి సిద్ధమయ్యారు. వెనక్కి తోసి, నడుపుకుంటూ ఠాణాకు తెచ్చేసరికి కారు వేడెక్కి, చదునైన నేలమీద చక్కగా వెనక్కి నడిచింది.

మర్నాడు కృపమ్మ షెడ్డుకు వచ్చింది. "అన్నయ్యా, మావాడు చెప్పినట్టు ఒక్కసారి చూడండి. లేకపోతే వాణ్ని జైల్లో పెట్టేస్తారు."

"నాను సూసినాను కదమ్మా!" అని కసిరాడు గానీ వెళ్లాడు.

ఠాణా ఆవరణలో ఇన్‌స్పెక్టర్, ఆల్విన్, రాజేంద్ర చూస్తుండగా ఎప్పటిలాగే ఇంజన్ ఆపాడు, ఆగాడు, పుల్ల తీశాడు. నిండుగా ఉంది. "నూనె సరిగానే ఉన్నాది" అన్నాడు.

"విన్నారా సాబ్! కావాలనే నలిపేసినాడు!" రాజేంద్ర ఆల్విన్ డొక్కలో తన్నాడు. కిందపడిన ఆల్విన్ రక్తం ఉమ్మి, "చాలూ కరో చాచా, ఇంజన్ తిప్పి చూడు" అన్నాడు. రాజేంద్ర మళ్లీ తన్నాడు. "చాలూ కరో" అని మళ్లీ అదే మాట.

అప్పలకొండ తాళం తిప్పాడు. ఫ్యాను తిరుగుతోంది, బెల్టు తిరుగుతోంది. మంచి చెయ్యి వెనక్కి దాచుకుని, మూడువేళ్లను లోపలికి దింపి పుల్ల లాగాడు. పొడిగా ఉంది. తుడిచి మళ్లీ పెట్టి తీశాడు. కొసకు కూడా నూనె అంటలేదు.

ఇంజన్ ఆపేశాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్‌తో, "రాత్రంతా దీని ముక్కు పల్లానికెట్టి ఉంచండి సాబ్. పొద్దున నాను వస్తాను" అన్నాడు.

పొద్దున అందరి ముందూ రివర్స్ వేశాడు. ఇంజన్ అరిచింది, బండి కదల్లేదు. నాలుగుసార్లు వేశాడు, నాలుగుసార్లూ అంతే.

"ఆపితే పైనున్న నూనె అంతా కిందికి దిగిపోతాది, పెట్టె నిండినట్టు కనిపిస్తాది. తిరిగినప్పుడు సూడాల, అప్పుడు పుల్ల పొడిగా ఉన్నాదంటే నూనె తక్కువే. సల్లబడి పల్లంలో ఉంటే పంపుకి నూనె అందదు, రివర్స్ పట్టదు; వేడెక్కితే పడతాది. ఈడు తప్పు సెయ్యలేదు. నాను బాగుందని పంపినాను."

రాజేంద్ర అతని గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. కిందపడేసి ముఖం మీద, ఛాతీ మీద గుద్దాడు. అప్పలకొండ చెయ్యెత్తలేదు. ఇద్దరు కానిస్టేబుళ్లు లాగేలోపు పక్కటెముక విరిగింది.

"అప్పుడే ఎందుకు చూళ్లేదు ముసలోడా? ఎవడూ చెప్పలేదా నీకు?" అని రాజేంద్ర అరిచాడు.

"సెప్పినాడు" అన్నాడు అప్పలకొండ. "ఈడే సెప్పినాడు. అందుకే కొట్టినాను."

రాజేంద్ర పిడికిలి విప్పి, కారు బానెట్ మీద తల ఆన్చి ఏడ్చాడు. కృపమ్మ కొడుకును లేపి నిలబెట్టింది. ఆల్విన్ అప్పలకొండ వైపు చూడకుండానే గేటు దాటిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ కాగితం తీసి, "క్యా లిఖూఁ?" అని, ఏం రాసుకోవాలో అడిగాడు.

"ఆల్విన్ పేరు కొట్టీండి సాబ్. నా పేరు రాసుకోండి" అని అప్పలకొండ నేలమీదే కూర్చుని తన వాంగ్మూలం చెప్పడం మొదలుపెట్టాడు.