పటికనీళ్ళతో గీసిన కుక్క

నా చిన్నప్పుడు నేను కుళ్ళుకున్నంతగా శ్రీకాళహస్తిలో ఇంకెవరూ కుళ్ళుకుని ఉండరు. అదీ ఎవరి గాజులో పావడాలో చూసి కాదు. అమెరికాలోని ఒక చిన్న ఊరిని చూసి.

మా పక్కింటి అక్క కలంకారీ వేసేది. ఐదో తరగతితో నా బడి ఆగిపోయాక, నాకు ఆ పని నేర్పుతానని మా నాయనకు మాటిచ్చింది. సరిగ్గా ఆ నెలలోనే ఒక దొరసానమ్మ అదే పని నేర్చుకోవడానికి అమెరికా నుంచి దిగింది. కలం ఆమె చేతికి పోయింది, బట్టకు పట్టించే కరక్కాయలు దంచే రోకలి నా చేతికొచ్చింది.

ఆమె బట్ట మీద నల్లరంగుతో తన ఊరినే గీసింది. ఒకటే పెద్ద వీధి, ఏటి మీద వంతెన. గీస్తూ ఆమె చెబుతుంటే, మిషన్ బడిలో చదివిన అక్క తెలుగు చేసేది. సాయంత్రం ఆరుకల్లా అంగళ్ళు మూసేస్తారంట. మంచు పడితే ఎవరి వాకిట్లోది వాళ్ళే పారతో ఎత్తిపోసుకుంటారంట. ప్రతి ఇంటి ముందరా పచ్చగడ్డి పెంచుతారంట, పశువుకు కాదు, ఊరికే కోయడానికి. మా మేక వినుంటే ఆ రోజే వీసాకు పోయేది. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఊరి నడుమ గ్రంథాలయం ఉందని, ఏ పిల్లయినా మోసుకోగలిగినన్ని పుస్తకాలు ఇంటికి తీసుకుపోవచ్చని చెప్పినప్పుడు మాత్రం కడుపు భగ్గుమంది. ఈ బట్టను ఆ గ్రంథాలయం గోడకే తగిలిస్తుందంట.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ అన్నానికి లేచినప్పుడు, కలాన్ని పటికనీళ్ళలో ముంచి, గ్రంథాలయం తలుపు దగ్గర కాలెత్తిన కుక్కను గీసేశాను. పటికనీళ్ళ గీత ఆరాక కంటికి ఆనదు. ఏట్లో ఉతికితే కొట్టుకుపోతుంది, నా కసి మాత్రం తీరుతుంది అనుకున్నాను. పటిక తగిలిన చోటే ఎర్రరంగు పట్టుకుంటుందని అప్పటికి నాకెవరూ నేర్పలేదు మరి.

మూడో రోజు ఎర్రరంగు దిగే చెట్టువేళ్ళు వేసి కాచిన అండాలోంచి బట్టను కర్రతో ఎత్తితే, దొరసానమ్మ నెలరోజుల కష్టం మధ్యలో ఎర్రటి కుక్క, కాలెత్తుకుని.

“ఏమ్మే, ఈ కుక్క యాడ్నించి వచ్చినాది?” అంది అక్క.

“వాళ్ళూరి కుక్కేమోక్కా. నన్నడిగితే?”

అక్క చెయ్యి లేచింది. దొరసానమ్మ ఆ చేతిని పట్టుకుని, కుక్కను చాలాసేపు చూసి, నన్ను చూసి, మెల్లగా ఏదో చెప్పింది. అక్క కలాన్ని పటికనీళ్ళలో ముంచి నా చేతిలో పెట్టింది.

“వాళ్ళూర్లో కుక్క ఒంటిగా తిరిగితే పట్టుకపోతారంట. దానికి తాడు గీయి. ఆ తాడు పట్టుకోను ఒక మనిషిని గీయి. నీ కుక్కే గదా, ఇంకెవుర్ని గీస్తావు?”

అక్క నా చెయ్యి పట్టుకుని గీయించింది. ఆమె నాకు నేర్పిన మొదటి గీత ఆ తాడే. తర్వాత రెండు జడలు, పావడా, చంకలో ఒక పుస్తకం నేనే గీసుకున్నాను. మర్నాడు బట్టను మళ్ళీ కాచారు.

నేను రాష్ట్రం పొలిమేరలో ఉన్న తడ దాటి ఎరగను. మొన్న మా మనవరాలు, దొరసానమ్మ అప్పట్లో పోతూ రాసిచ్చిన ఊరి పేరు పట్టుకుని, ఫోన్‌లో ఆ గ్రంథాలయాన్ని వెతికి చూపించింది. గోడ మీద బట్ట ఉంది. నలుపు కాస్త వెలిసింది, ఎరుపు చెక్కుచెదరలేదు. ఎవరి బతుకు చూసి కడుపు మండినా, కుక్కను గీసేముందు అక్కడ నాకు నిలబడే చోటేమైనా ఉందా అని చూసుకోవడం ఆ రోజు నుంచే అలవాటు.

అయినా కుళ్ళు పూర్తిగా పోలేదు లెండి. ఇప్పుడు బట్ట మీద కుక్కను పట్టుకున్న ఆ రెండు జడల పిల్ల మీదే. నాకు మోకాళ్ళు అరిగిపోయాయి, దానికింకా పదేళ్ళే. రోజూ గ్రంథాలయం తలుపు తీసేసరికి అందరికంటే ముందు అదే నిలబడి ఉంటుంది.