వెట్టి జాబితాలో చిన్నాయన

మా చిన్నాయన ఊరొదిలి పారిపోయి రెండేళ్లయింది. దేవరకొండలోనూ కల్వకుర్తిలోనూ వెతికినా జాడ లేదు. ఊళ్లో అందరి పేర్లూ పట్వారీ దఫ్తరంలో ఉంటాయని ఎవరో చెబితే, అవ్వ తన పెద్దకొడుకైన మా బాపునూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. భూమి లెక్కల్లో మా పేర్లు ఉండవు. వెట్టి చాకిరీ వంతుల జాబితాలో మాత్రం ఒక్కటీ తప్పిపోదు.

పట్వారీ మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టి కాగితాలు తిరగేశాడు. "నీ కొడుకు ఏడికీ పోలేదు. మొన్ననే వెట్టికొచ్చి తాసీల్దారు సామాను మోసిండు. గిండ్ల రాసుంది," అన్నాడు.

తమ్ముడి వంతు వచ్చినప్పుడల్లా వెళ్లి మోసేది మా బాపు. ఆయన భుజం వాపు ఇంకా తగ్గలేదు. అది పట్వారీకీ తెలుసు.

అవ్వ చేతులు జోడించింది. "మల్ల వాని వంతు ఎన్నడో జర చెప్పు దొరా. వచ్చి సూసుకుంట. కొడుకును సూడక రెండేండ్లాయె."