రామ్‌చందర్ మోకాలెక్కిన వాగు తొండ

టేకులపల్లి దగ్గరి తండాలో పుట్టిన రామ్‌చందర్ ఆర్టీసీ డ్రైవర్. భద్రాచలం అడవి రోడ్డు మీద ఎంత వానలోనైనా బస్సు నడిపే మనిషి. రోడ్డుకడ్డంగా ఎలుగుబంటి నిలబడితే హారన్ కొట్టకుండా అది పోయేదాకా నింపాదిగా కూర్చుంటాడు. అంత గుండె గలవాడికి తొండంటే మాత్రం చచ్చేంత భయం. చిన్నప్పుడొకటి చొక్కాలో దూరితే, చొక్కా విప్పి పారేసి తండా దాకా పరుగెత్తాడట. ఆ పరుగెలా ఉండేదో వాళ్లమ్మ పూలి ఇప్పటికీ చుట్టాలకు నటించి మరీ చూపిస్తుంది.

అలాంటివాడు తొండల మీద పరిశోధన చేసే హేమలతను చేసుకున్నాడు. సంబంధం చూసినప్పుడు పిల్ల జువాలజీ లెక్చరర్ అన్నారు గానీ పరిశోధన ఏ జంతువుల మీదో చెప్పలేదు. ఏ పులుల మీదో అనుకుని ఆయనా అడగలేదు.

హేమలతను వదలని చిక్కొకటుంది. తిరుమలాయపాలెం వైపు మెట్ట చేలల్లో ఒక తొండ, టేకులపల్లి అడవిలో వాగుల పక్కన ఇంకో తొండ. పక్కపక్కన పెడితే కవలలే. రెండూ ఒకటే జాతి అన్నాడు ఆమె పరిశోధన గైడు. "అక్కడ ఎండ, ఇక్కడ నీడ. రంగు కాస్త మారింది, అంతే." ఆమెకు నమ్మకం కుదరలేదు. మెట్ట తొండ రాళ్లు కాలే ఎండలో హాయిగా తలూపుతుంది. వాగు తొండ కాస్త తేమ ఆరితే చాలు, ఆకుల కిందికి పోతుంది.

"రెండూ ఎదురుపడే జాగా చూడాలె," అంది ఒకరోజు అన్నం వడ్డిస్తూ. "ఒకటే జాతి అయితే ఆడ కలిసిపోతయి, నడిమి రకం కనిపిస్తది. వేరే వేరే అయితే, పక్కపక్కనే ఉన్నా దేని జాగ దానిదే."

"ఏడుందది?"

"కారేపల్లి అవతల. ఆదివారం నీకు డ్యూటీ లేదు గదా."

డ్యూటీ లేనందుకు రామ్‌చందర్‌కు బాధ కలగడం అదే మొదలు.

ఆదివారం పాత ఖాకీ ప్యాంటు వేసుకుని బండి తీశాడు. అక్కడ ఒకవైపు మిరప చేను, దాన్ని ఆనుకునే చెట్ల నీడలో వాగు. చేని గట్టు మీద మెట్ట తొండలు బోలెడు. వాగు తొండ జాడ లేదు. హేమలత వెతుకుతుంటే ఆయన నీడలో రాయి మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మోకాలి మీద ఏదో పాకింది.

"హేమా," అన్నాడు, పెదవులు కదపకుండా.

ఆమె తిరిగి చూసింది. "కదలకు. వాగు తొండ అది."

"ఏ తొండయితే ఏంది, తియ్యి దాన్ని."

"జర ఓర్సుకో. ఫొటో తీసి, గాలిల తేమ చూస్తా. నువ్వు గట్ల చెమటలు పోస్తే లెక్క తప్పుతది."

చెమటలు ఆపడం ఎలాగో రామ్‌చందర్‌కు తెలియలేదు. తప్పక తొండ వంక చూశాడు. దాని పక్కలు దడదడా ఎగిసిపడుతున్నాయి. ఇదీ భయపడుతోంది కాబోలు అనిపించి కొంచెం ధైర్యం వచ్చింది. అది చెట్టెక్కి పోయాక కూడా రాయిని వదల్లేదు. హేమలతే చెయ్యిచ్చి లేపింది.

ఆ ఏడాదంతా చేలూ వాగులూ కలిసే అంచు వెంబడి తిరిగారు. ఎక్కడ చూసినా గట్టుది వాగులోకి దిగలేదు, వాగుది గట్టెక్కలేదు. నడిమి రకం ఒక్కటీ దొరకలేదు. ఇది విని గైడు మెత్తబడ్డాడు. "ఉండే చోటొక్కటే చాలదమ్మా, జన్యువులు కూడా చూద్దాం," అన్నాడు. ఆ పరీక్షలోనూ రెండూ వేరని తేలాక ఆయనే ఫోన్ చేసి మెచ్చుకున్నాడు.

వ్యాసం అచ్చయింది. అందులో ఖాకీ మోకాలి మీద తొండ. రామ్‌చందర్ ఆ పేజీని డిపో అంతా తిప్పాడు. కండక్టర్ నాగలత దాన్ని దగ్గరగా పట్టుకుని చూసింది.

"అన్నా, కింద రాయి మంచిగనే పడ్డది. మోకాలు, తొండ గింత మసకగ ఉన్నయేంది?"

"కెమెరా కదిలింది," అన్నాడు రామ్‌చందర్.