పన్నెండో నంబరు

ఆ బడిలో పిల్లలు పదకొండు మంది. పన్నెండు మంది లేకపోతే బడి మూసేసి, ఉన్నవాళ్లను నాలుగు కిలోమీటర్ల అవతల మెయిన్‌రోడ్డు మీదున్న పెద్ద బడిలో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. రాసినవాడికేం, రాసి పారేస్తాడు! ఆరేళ్ల పిల్లలు లారీల మధ్య నడిచి వెళ్లాలని వాడికి తట్టిందా?

కాగితం చదివి టీచరమ్మ నెత్తిన చేతులు పెట్టుకు కూర్చుంది. అది విన్న ఆయమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పందొమ్మిదేళ్లుగా ఆ రెండు గదులూ, ఆ వరండా ఊడ్చింది ఆవిడే. గంట కొట్టేది ఆవిడే, ముక్కులు తుడిచేది ఆవిడే, ఊడిన జడలు అల్లేది ఆవిడే. గోడ మీద పెచ్చు రాలితే తన ఒంటి మీద చర్మం లేచినట్టు గోల పెట్టేది. మొగుడు లారీ మీద తిరిగేవాడు. నెలకోసారి ఇంటి మొహం చూస్తే అదే గొప్ప. బడి తప్ప ఆవిడకు వేరే లోకం లేదు.

"ఒక్క పేరు, ఆయమ్మా. ఒక్క పేరుంటే ఈ ఏడాది గట్టెక్కుతాం," అంది టీచరమ్మ.

ఆయమ్మ చీపురు గోడకు ఆనించింది. "మా పిచ్చుక పేరు రాసుకోండి. పుట్టిన కాగితం ట్రంకుపెట్టెలోనే ఉంది. సంవత్సరం ఒక్కటీ దిద్దుకుంటే సరి."

పిచ్చుక ఆవిడ కూతురు. తొమ్మిదేళ్ల కిందట ఇదే గదిలో రెండో తరగతి చదువుతూ, మూడు రోజుల జ్వరంతో పోయింది.

"ఛ! అవేం మాటలు, నోరు ముయ్యి," అని కసిరింది టీచరమ్మ. రెండు రోజులు ఆ ఊసే ఎత్తనివ్వలేదు. మూడో రోజు తలుపు దగ్గరగా వేసి, హాజరుపట్టీలో పన్నెండో నంబరు ఎదురుగా ఆ పేరు రాసింది.

ఆ టీచరమ్మ పేర్లు పిలవదు, నంబర్లు పిలుస్తుంది. పదకొండు దాకా పైకి పిలిచి, పన్నెండుకు చప్పుడు చెయ్యకుండా టిక్కు పెట్టుకునేది. నెల రోజులు అలాగే గడిచింది. ఒక సోమవారం పరధ్యానంలో ఉండి "పన్నెండు" అని పైకే అనేసింది. అని నాలుక కరుచుకుంది. పిల్లలు నవ్వలేదు. అందరూ తలలు తిప్పి, చివరి చాప మీద కిటికీ పక్కనున్న ఖాళీ వైపు చూశారు. ఒకటో తరగతి బుడంకాయ, అంటే అందరిలోకీ చిన్నది, పళ్లూడిన నోటితో "వచ్చింది టీచర్" అంది.

"ఎవరే వచ్చింది?"

"పన్నెండు," అంది బుడంకాయ, అదేం ప్రశ్న అన్నట్టు.

పిల్లల ఆటలే అనుకుంది టీచరమ్మ. అనుకోక ఏం చేస్తుంది పాపం! కానీ ఆ రోజు నుంచి పన్నెండు అని పిలవకపోతే పిల్లలు పుస్తకాలు తెరిచేవాళ్లు కాదు. పిలిచేదాకా పలకలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు.

ఆ నెలలో బడి నిండా సందడే. కాగితం ముసుగులు చేశారు. పెరుగు డబ్బాల్లో చిక్కుడు గింజలు నాటారు. చెరువుగట్టు దాకా నడిచి ఆకులు ఏరుకొచ్చి పుస్తకాల్లో అంటించారు. నడిచి వెళ్లేటప్పుడు ఇద్దరిద్దరు చేతులు పట్టుకోవాలని టీచరమ్మ నియమం. పదకొండు మందిలో ఒకరు మిగలాలి కదా? వెనక నడుస్తున్న ఆయమ్మ చూస్తూనే ఉంది. అయిదు జంటలు వెళ్లాయి. చివర బుడంకాయ ఒక్కతే, కుడిచెయ్యి పక్కకు చాచి, దేన్నో పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకుని నడిచింది. కాలువ దాటేటప్పుడు ఆగింది. "చూసుకో, తడి," అని పక్కకు తిరిగి చెప్పింది.

ఆయమ్మకు ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే ఆవిడకు సంతోషం ముంచుకొచ్చింది. అవును, సంతోషమే. ఎవరేమనుకుంటే నాకేం అనుకుంది. మర్నాటి నుంచి కిటికీ పక్క చాపను రెండుసార్లు దులిపింది. అక్కడ ఎవరైనా కాలు పెడితే "లేవరా, కళ్లు కనపడట్లేదా?" అని గద్దించింది. మధ్యాహ్నం పూట ఒక కంచం ఎక్కువ కడిగి, అన్నం వడ్డించి అక్కడ పెట్టింది. తిండి తగ్గేది కాదు, కంచం మటుకు చల్లబడిపోయేది. చేత్తో పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి.

పిల్లల లెక్క చూడటానికి ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. పిల్లలు చేసినవన్నీ బల్లల మీద పేర్చారు. పన్నెండో పిల్లకు ఒంట్లో బాగాలేదని చెప్పాలని టీచరమ్మ ముందే అనుకుంది. పొద్దుటి నుంచి ఆ అబద్ధాన్ని లోలోపల వల్లె వేస్తూనే ఉంది. ఆయన నోరు విప్పనిస్తేగా! పెన్ను మొనతో తలలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, "పన్నెండు. సరిపోయింది," అని రాసుకున్నాడు.

టీచరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ఆ కిటికీ పక్క రెండు జడల పిల్లకు బాగోలేదా ఏంటి? అలా వణుకుతోంది. స్వెటరు వేయండమ్మా," అని సంతకం పెట్టి ఆయన జీపెక్కాడు.

ఎర్రటి ఎండ కాస్తున్న రోజు అది. ఆయమ్మ పరుగున వెళ్లి చాప ముందు మోకాళ్ల మీద కూలబడింది. చాప అల్లిక కనిపించింది, కిటికీ ఊచల నీడ కనిపించింది. అంతే. ముక్కూమొహం తెలియనివాడికి కనపడిన పిల్ల కన్నతల్లికి కనపడలేదు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? ఆవిడ విసురుగా లేచి, బుడంకాయ రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"నిజం చెప్పు. పిచ్చుక నీకు కనపడుతుందా?"

"ఊఁ."

"మరి నాకెందుకు కనపడదే?"

"నువ్వొస్తే నీ వెనకాలకి పోతుంది. నువ్వెటు తిరిగితే అటు తిరుగుతుంది," అంది బుడంకాయ. "నువ్వు చూస్తే ఇంక పోనివ్వవంట."

ఆయమ్మ వెనక్కి తిరగబోయి ఆగిపోయింది. మెడ మీద చల్లగా ఊపిరి తగిలినట్టయింది.

"ఎక్కడికి పోవాలంట?" అని అడిగింది, మెడ తిప్పకుండానే.

"ఏమో. పోయే చోటికి. చలేస్తోందంట, నిద్రొస్తోందంట. టీచరు రోజూ నంబరు పిలుస్తోందిగా, పిలిస్తే రావాలంట ఆయమ్మా. ఆదివారమే కాస్త పడుకుంటుందంట."

ఆ రాత్రి సంగతి చెప్పడం దేనికి? ఏ తల్లినడిగినా చెబుతుంది. పిలవకపోతే బడి పోతుంది, పిచ్చుకా పోతుంది. పిలుస్తూ ఉంటే రెండూ ఉంటాయి. కనపడకపోయినా ఫరవాలేదు, తన వీపు వెనకైనా ఉంటుంది. వణుకుతూ ఉంటుంది.

పొద్దున్నే వెళ్లి టీచరమ్మ ఎదురుగా నిలబడింది. "పన్నెండో నంబరు కొట్టేయండి."

"మతుండే మాట్లాడుతున్నావా? నిన్ననేగా గండం గడిచింది! ఇప్పుడు కొట్టేస్తే సెలవులకు ముందే తాళం వేస్తారు. నీ ఉద్యోగం ఏం కాను? ఈ పిల్లలేం కాను?"

"మీ కాళ్లు పట్టుకుంటాను. నా బిడ్డ మూడు రోజులు జ్వరంతో అల్లాడితేనే చూడలేకపోయానమ్మా. ఇన్నాళ్లూ వణికించాను. నా చేతులతో నేనే."

టీచరమ్మ కిటికీ పక్క చాప వైపు చూసింది. తర్వాత హాజరుపట్టీ తెరిచి ఎర్రసిరా పెన్ను తీసింది. పిల్లలంతా చూస్తున్నారు. "పేరు తీసేస్తే కారణం రాయాలి ఆయమ్మా. బడి మారిందని రాయనా?"

"వద్దు," అంది ఆయమ్మ. "చచ్చిపోయిందని రాయండి."

తొమ్మిదేళ్లలో ఆ మాట ఆవిడ నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అనగానే ఏడుపు కట్టలు తెంచుకుంది. టీచరమ్మ గీత గీసింది, కారణం రాసింది, తల్లి చేత పక్కన సంతకం పెట్టించుకుంది. గదిలో అప్పటిదాకా ఉన్న చలి మెల్లగా సడలింది.

పిల్లలు ఒక్కొక్కరే తలలు తిప్పారు. వాళ్ల చూపులు చాప మీద నుంచి లేచి, బల్లల మధ్యగా నిదానంగా కదిలాయి. బుడంకాయ చెయ్యెత్తి టాటా చెప్పింది. మిగతావాళ్లూ ఎత్తారు.

ఆయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, కిటికీ వైపు తిరిగి చెయ్యి ఊపింది.

"అటు కాదు ఆయమ్మా," అని బుడంకాయ మెల్లగా ఆవిడ మోచెయ్యి పట్టుకుని గుమ్మం వైపు తిప్పింది. "ఇటు."