బూజుకర్ర ఒంట్లో బూజు

మా వీధి చివరింటావిడ మొగుడికి అన్నంలో ఏదో కలిపి పెడుతోందన్న మాట అబద్ధం. ముందు అది తేల్చేస్తాను. ఆ మాట పుట్టింది మా ఇంటి మెట్ల మీద, కూరలు తరుగుతుండగా. అందులో నా నోరూ ఉంది కాబట్టి తేల్చాల్సిందీ నేనే.

ఆ మొగుణ్ణి మేం బూజుకర్ర అంటాం. మనిషీ అంతే పొడుగు, పనీ అదే. పాత గిడ్డంగుల్లో కప్పులదాకా ఎక్కి గబ్బిలాల పెంట ఎత్తుతాడు, బూజు దులుపుతాడు. మూతికి గుడ్డ కట్టుకోమని పెళ్లాం మొత్తుకుంటే, "కట్టుకుంటే మీసం కనపడదే" అనేవాడు. గబ్బిలాలు చూసి మురిసిపోవాలి కాబోలు.

ఈ ఏడు మనిషి చిక్కి సగమయ్యాడు. చిగుళ్లతో సహా నల్లబడ్డాడు. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. ఉప్పుగల్లు చప్పరిస్తూ కూర్చునేవాడు. ఇంకేం, విషమేనన్నాం. వీధిలో ఆడవాళ్లు ఆవిడ దగ్గర రవికెలు కుట్టించుకోవడం కూడా మానేశారు, సూదికీ విషం పూస్తుందన్నట్టు. ఆ కుట్టుమిషను మీదే సగం ఇల్లు గడిచేది.

మొన్న అతను వీధిలో కూలబడితే ఆస్పత్రికి ఆవిడకు తోడు ఒక్కరూ కదల్లేదు. నేనెళ్లాను. జాలి కొంత, ఆరా ఎక్కువ.

డాక్టరమ్మ పాత చీటీ చూసి అతని మీదే విరుచుకుపడింది.

"మూడు నెలల క్రితమే చెప్పానా లేదా? మూత్రపిండాల మీద టోపీల్లా రెండు గ్రంథులుంటాయి, వాటికి బూజు పట్టింది, ఈ నలుపూ ఉప్పు యావా అందుకేనని, ఆ పెంట దుమ్ము పీల్చే తెచ్చుకున్నావు, మాత్రలు మానితే ప్రాణం మీదికొస్తుందని. ఎందుకు మానేశావు?"

"ఫంగసో గింగసో అనుంటే భయపడి మింగేవాణ్ణండీ. మీరు బూజన్నారు. ముప్ఫై ఏళ్లుగా దులుపుతున్నా, బూజుకి నేను భయపడటమేంటండీ?"

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. పెళ్లాం అతని వంకే చూస్తోంది. జబ్బుందన్న సంగతి ఆవిడ వినడం అదే మొదలు.

సెలైను ఎక్కి కాస్త తేరుకున్నాక, ఆవిడ మందులకు వెళ్లిన సందు చూసి అడిగేశాను.

"ఏరా, నీ జబ్బు నీకు తెలుసు. వీధంతా నీ పెళ్లాం విషం పెట్టిందంటుంటే చెవులారా విన్నావు. కాదని ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే నన్ను పనిలోంచి తీసేస్తారు పెద్దమ్మా. దానికైతే మాటలు పడటం అలవాటేగా."